ఉదయగిరి కొండ ఒంటరితనం

ఆత్మకూరు
9 జూన్ 2024

రేణుకాదేవి టీచరమ్మ గారికి,

పెంచలయ్య మేస్త్రీ రాసుకునేది. ప్రభువు పేరున వందనాలు. మీరు ఆత్మకూరు హైస్కూల్లో సోషల్ చెప్పేటప్పుడు మీ మిద్దె మీద గది కట్టింది నేనే. రూబీ నాయననంటే ఇంకా తొందరగా గుర్తొస్తాను.

మూడేళ్ల తర్వాత రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే కరోనా తర్వాత మీకు చెవులు వినపడటం లేదని మా కూలి మనిషి నాగులమ్మ చెప్పింది. ఆమెది మీ ఊరే. మీ దగ్గరికి వద్దామంటే నాకు చేతకాదు. ఉదయగిరి అని బోర్డు ఉన్న బస్సు కనపడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను. అందుకే ఈ జాబు. నా చదువు ఏడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

జరిగింది మీకు తెలుసు. అయినా నా నోటితో ఒకసారి చెప్పాలి. కరోనా రెండోసారి వచ్చిన ఆ మే నెలలో, గురువారం నాడు నేను పనిలో ఉండగా రూబీ నా ఫోన్‌కు మెసేజి పెట్టింది. "నాయనా, ఐసోలేషన్‌కి పోతాండా. శనివారానికి వస్తా. ఫోన్ కలవదు. భయపడబాకు." అని. జ్వరం తగిలింది, మాకు అంటకూడదని ఊరి బయట హాస్టల్లో పెట్టిన ఐసోలేషన్ సెంటర్‌కు తనంతట తనే పోయిందనుకున్నాం. శుక్రవారం, శనివారం వాళ్లమ్మ కామమ్మ క్యారియర్ కట్టింది. నేనే తీసుకుపోయి గేటు దగ్గర ఇచ్చి వచ్చాను. శనివారం రాకపోతే ఆదివారం వస్తుందిలే అని ఇంట్లోనే ఎదురుచూశాం. సోమవారం మీ ఊరి జనార్దనయ్య మేకల వెంట కొండెక్కి, బండల మధ్య బిడ్డను చూశాడు. తొడ ఎముక విరిగిందనీ, శనివారం రాత్రి ప్రాణం పోయిందనీ డాక్టరు రాశాడు. సెంటర్ వాళ్లను అడిగితే ఆ పేరే మా రిజిస్టర్లో లేదన్నారు. ఆ రోజుల్లో ఎవరి పేరు ఎవరు రాశారు. అక్కడ ఒక్కతే ఉండలేక, బయటపడి, కొండెక్కి దూకిందని పోలీసులు అనుకున్నారు. కామమ్మ మాత్రం ఒప్పుకోలేదు. జారిపడిందనే అంటుంది. నేను ఎటూ తేల్చుకోలేక ఇన్నేళ్లు గడిపాను.

పోయిన వారం చర్చిలో ఇద్దామని కామమ్మ రూబీ బట్టలు తీసింది. పెట్టె అడుగున పొడుగు నోటుబుక్కు ఉంది. మొదటి పేజీలో "ఉదయగిరి కొండ ఒంటరితనం" అని రాసి ఉంది. తర్వాత పేజీలో "ఒంటరితనం ఎంత ఎక్కువైతే అంత గొప్ప" అని ఉంది. ఇంకో చోట "దీని ఒంటరితనం ఎక్కడ ముగుస్తుంది?" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

టీచరమ్మా, నా బిడ్డ అంత ఒంటరిగా ఉందా? ఒకే ఇంట్లో ముగ్గురం ఉన్నాం. పోయే ముందురోజు నా పనిముట్ల సంచిలో చెయ్యి పెట్టిందని కేకలేశాను. "చదివింది చాలు, పెళ్లి చేసి పంపించేస్తా" అన్నాను. ఆ మాటకే పోయిందా? మీ దగ్గర అన్నీ చెప్పుకునేది. మీకు తెలిసింది దాచకుండా రాయండి. ఏదైనా పడతాను గానీ తెలియకుండా పడలేను.

ఇట్లు,
పెంచలయ్య


ఉదయగిరి
17 జూన్ 2024

పెంచలయ్యా,

నీ జాబు రెండుసార్లు చదివి మూడోసారి చదవలేకపోయాను. ముందు నీకు కావలసిన జవాబు చెబుతాను. రూబీ దూకలేదు. నీ కేకల వల్ల పోలేదు. ఈ ముక్క కామమ్మకు కూడా చదివి వినిపించు. ఆమే సరిగ్గా చెప్పింది.

ఆ నోటుబుక్కులో ఉన్నది మనసు ఒంటరితనం కాదు, కొండ ఒంటరితనం. అది ఒక కొలత. భూగోళం చదివేవాళ్లు శిఖరాన్ని ఎత్తు ఒక్కదానితో తూచరు. అది ఎంత ఒంటరిదో కూడా కొలుస్తారు. నువ్వు కొండ కొన మీద నిలబడ్డావనుకో. నీ అంత ఎత్తు నేల మళ్లీ ఎక్కడ తగులుతుంది? చుట్టూ అన్ని దిక్కులా వెతకాలి. అలాంటి నేల నీకంటే పెద్ద కొండకే ఉంటుంది. ఆ పెద్ద కొండ కొన దాకా పోనక్కర్లేదు. దాని వాలు ఎక్కుతూ ఉంటే ఒకచోట నీ ఎత్తు వస్తుంది చూడు, అక్కడికి ఆగిపోవాలి. అలాంటి చోట్లలో నీకు అన్నింటికంటే దగ్గరిదేదో, అక్కడి దాకా తిన్నగా ఎంత దూరమో, అదే ఆ శిఖరం ఒంటరితనం. పక్కనే పెద్ద కొండ ఉన్న శిఖరం ఎంత ఎత్తున్నా దానికి పేరు రాదు. చుట్టూ దూరం దాకా తన అంతటిది లేని కొండ చిన్నదైనా గొప్పదే. ఎవరెస్టుకు ఈ లెక్కే కుదరదు, దానికంటే ఎత్తు ఎక్కడా లేదు గనుక.

మా కొండకు ఆ చోటు పడమట వెలిగొండల్లో ఎక్కడుందో తేల్చాలని రూబీ పట్టు పట్టింది. డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు అది. మ్యాపులో ఎత్తు గీతలు ఇరవై మీటర్లకొకటి ఉంటాయి. దగ్గరి గట్టు మన ఎత్తుకు అందుతుందా, అందదా అన్నది ఆ గీతల సందులో పడిపోయింది. ఎక్కి కంటితో చూసి తేలుస్తానంది. దిగేటప్పుడో, చూసేటప్పుడో కాలు జారింది. అంతే జరిగింది.

ఆ మాటకు తెలుగులో "ఒంటరితనం" అని పెట్టింది నేనే. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాశాను. దూరం అని ఉన్నా సరిపోయేది. నీ మూడేళ్ల ఏడుపులో నా పాలు కూడా ఉంది, క్షమించు.

అన్నం తిను. పని మానకు.

రేణుకాదేవి


ఆత్మకూరు
2 జూలై 2024

టీచరమ్మ గారికి పెంచలయ్య వందనాలు.

మీ జాబు కామమ్మకు మూడుసార్లు చదివాను. "నేను చెప్పలే? నా బిడ్డ దూకే రకం కాదు" అని నన్ను భుజం మీద కొట్టింది. కొట్టి ఏడ్చింది. ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నేను మూడేళ్ల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. మీ కాళ్లు కడిగినా రుణం తీరదు.

కొండల లెక్క నాకు బాగానే అర్థమైంది. మట్టం అంటే నాకు తెలియనిదా. గోడలు కట్టేవాడికి రెండు చోట్లు ఒకే ఎత్తున ఉన్నాయా లేదా అన్నదే కదా బతుకంతా.

అయితే మూడు సంగతులు తెగడం లేదు. మీరు తప్ప చెప్పేవాళ్లు లేరు.

ఒకటి, నా లెవెల్ ట్యూబు. రెండు గోడలు మట్టంగా ఉన్నాయో లేదో చూడటానికి నీళ్లు పోసి పట్టే తెల్ల ట్యూబు, పది మీటర్లది. రూబీ పక్కన దొరికిందని పోలీసులు తెచ్చిచ్చారు. సంచి, సీసా లోయలో పడిపోయాయట, ట్యూబు మాత్రం చేతికి చుట్టుకుని ఉందట. తెచ్చినప్పుడు దాంట్లో చుక్క నీళ్లు లేవు. ఒక కొస నలిగి పళ్ల గాట్లున్నాయి. నక్క కొరికిందేమో అనుకుని ఆ కొసను చూడకుండా చుట్టి అటక మీద పెట్టాను. కొండ మీద దానితో పనేంది?

రెండు, జ్వరంతో సెంటర్లో ఉన్న పిల్ల, ప్రాజెక్టు కోసం అక్కడి నుంచి పారిపోయి కొండెక్కుతుందా? నేనెంత ఆలోచించినా ఇది కుదరడం లేదు.

మూడు చిన్నది. నోటుబుక్కు అట్ట మీద ఇంగ్లీషులో ఏదో పెద్దగా రాసింది. లెక్కబెట్టాను, తొమ్మిది అక్షరాలు. మొదటిది నిలువు గీత. రెండోది పాము వంకర. తర్వాతది సున్న. నాకు ఇంగ్లీషు రాదు. అదేం మాట?

పెంచలయ్య


ఉదయగిరి
25 జూలై 2024

పెంచలయ్యా,

ఆలస్యానికి ఏమనుకోకు. మోకాళ్లు, ముసురు, ఒంట్లో బాగాలేదు.

ట్యూబు సంగతి. అందరి దగ్గరా పెద్ద పరికరాలుండవు. నీళ్లు నింపిన ట్యూబు రెండు కొసలూ ఎత్తి పట్టుకుంటే రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ రెండు మట్టాల మీదుగా కంటితో దూరం చూడాలి. చూపు గీతకు పైన తేలిన గట్టు మనకంటే ఎత్తు. దానికి ఒక సవరణ ఉంది. భూమి వంగి ఉంటుంది గనుక ముప్పై కిలోమీటర్ల అవతలి కొండ దాదాపు డెబ్బై మీటర్లు దిగిపోయి కనపడుతుంది. గాలి చూపును కాస్త వంచుతుంది కాబట్టి పది తీసెయ్యి. అంటే సమానంగా కనపడేది నిజానికి అరవై మీటర్లు మన మీద ఉన్నట్టు. దూరాన ఉన్నవాటిని కన్ను తక్కువ చేస్తుందని పిల్లలకు చెప్పేదాన్ని. ఈ ట్యూబు ఆలోచన మాత్రం నాది కాదు. "మా నాయన దగ్గర ఉండాది మేడం, దానికంటే మంచి మట్టం ఏముంటుంది" అని నవ్వింది.

రెండోదానికి, ఆ వయసు పిల్లలకు పట్టుదల ఎక్కువ. జ్వరం తగ్గి ఉంటుంది. ఇప్పుడు తవ్వి ఏం లాభం?

అట్ట మీది మాట ఏదో కాలేజీ సబ్జెక్టు పేరై ఉంటుంది. ఆ నోటుబుక్కు నాకు పంపించు. రిజిస్టర్డ్ పోస్టులో పంపు. నేను జాగ్రత్తగా దాస్తాను. నీ దగ్గర ఉంటే రోజూ తీసి చూసి మనసు పాడుచేసుకుంటావు.

రేణుకాదేవి


ఆత్మకూరు
4 ఆగస్టు 2024

టీచరమ్మకు,

నోటుబుక్కు పంపను.

సచివాలయంలో పనిచేసే సుకన్య మా వీధే. అట్ట చూపించాను. "ఐసోలేషన్ అని ఉండాది మామా" అంది. "కరోనా గురించా?" అన్నాను. లోపల పేజీలు తిప్పి, ఫోన్లో ఏదో చూసి, "కాదు మామా, కొండల కొలతంట. దాన్నే ఇంగ్లీషులో ఐసోలేషన్ అంటారంట" అంది. ఫోన్ తీసి రూబీ మెసేజి మళ్లీ చదివాను.

రూబీకి జ్వరం రాలేదు. ఆమె ఏ సెంటర్‌కూ పోలేదు. "ఐసోలేషన్‌కి పోతాండా" అంటే కొండకు పోతున్నా అని. తిన్నగానే చెప్పింది. శనివారానికి వస్తానంది, కొండ మీద ఫోన్ కలవదంది, భయపడొద్దంది. అన్నీ చెప్పింది.

గురువారమో, శుక్రవారమో పడింది. శనివారం రాత్రి దాకా ప్రాణంతో ఉంది. కర్ఫ్యూ రోజులు, ఆ కొండెక్కే మనిషి లేడు. విరిగిన కాలుతో ఆ ఎండలో నా కోసం చూసింది. మెసేజి పెట్టింది కదా, నాయన వస్తాడు అనుకుని ఉంటుంది.

ఇప్పుడు మీ సంగతి. శుక్రవారం పొద్దున మీకు ఫోన్ చేశాను. అప్పటికి మీ చెవులు బాగానే ఉన్నాయి. "రూబీ ఐసోలేషన్‌కి పోయిందమ్మా" అని ఇదే మాట చెప్పాను. మీరేమన్నారు? "మంచి పని చేసింది. నువ్వు అటు పోబాక, నీక్కూడా అంటుకుంటాది" అన్నారు. నేను ఇసుక, సిమెంటు కలిపేవాణ్ణి, నాకు ఆ మాటకు ఒకటే అర్థం తెలుసు. మీకు రెండో అర్థం తెలుసు. ఆ మాట నా బిడ్డకు నేర్పిందే మీరు. ఆ కొండ మీ వాకిట్లోకి కనపడుతుంది.

మొదటి జాబు అందినప్పుడే మీకు అంతా తెలిసిపోయింది. అందుకే మీ జాబుల్లో ఆ ఇంగ్లీషు మాట ఎక్కడా రాయలేదు. వెతికి చూశాను. ఒక్కచోట కూడా లేదు.

పెంచలయ్య


ఉదయగిరి
15 ఆగస్టు 2024

పెంచలయ్యా,

నువ్వు రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనలేను. నిజానికి నాకు మొన్న జూన్‌లో కాదు, 2021లో జనార్దనయ్య కొండ దిగి వచ్చి వీధిలో కేకలేసినప్పుడే తెలిసింది. మూడేళ్లు నీకు ముఖం చూపించకపోవడానికి చెవుడు ఒక సాకు.

ఆ శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను నిజంగానే సెంటర్ అనుకున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన దాన్ని. ఆ రెండేళ్లలో పేపరు తీస్తే అదే మాట, టీవీ పెడితే అదే మాట. నా చెవుల్లో కూడా ఆ మాటకు ఒక్క అర్థమే మిగిలింది. ఇంతవరకైతే నన్ను నేను క్షమించుకునేదాన్ని. కానీ ఫోన్ పెట్టేశాక ఒక్క క్షణం ఏదో తట్టింది. ఈ పిల్ల పోయిన వారం కొండెక్కుతానంది కదా, అని. నీకు తిరిగి చేసి అడుగుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగాయి. స్టవ్ కట్టేసి, గట్టు తుడిచి, కూర తరుక్కుంటూ కూర్చున్నాను. మరచిపోయాను. ఇంతే. దీనికంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. శుక్రవారం, శనివారం ఆ కొండ వైపు తిరిగే పళ్లు తోముకున్నాను.

ఆమె దూకలేదని మాత్రం నీకు చెప్పి మిగతాది దాచాలనుకున్నాను. ఒక బరువు దించి ఇంకోటి ఎత్తడం ఎందుకని. నిన్ను కాపాడాలని అనుకున్నాను గానీ, నన్ను కాపాడుకోవడం కూడా దాంట్లో కలిసే ఉంది. పోలీసులకు చెప్పినా, చర్చిలో చెప్పినా నేను అడ్డు రాను. ఎవరడిగినా ఒప్పుకుంటాను.

ఒక్కటి అడగాలి. నిన్ను నిలదీయడానికి కాదు. నీ మొదటి జాబు మళ్లీ చదివితే నాకు తెగని ముడి అదొక్కటే. రూబీ ఆ సెంటర్లో లేదు కదా. మరి రెండు రోజులు గేటు దగ్గర నీ క్యారియర్ ఎవరు తీసుకున్నారు?

రేణుకాదేవి


ఆత్మకూరు
13 అక్టోబర్ 2024

టీచరమ్మకు పెంచలయ్య రాసేది.

మీ జాబు వచ్చి రెండు నెలలు. జేబులో పెట్టుకుని పనికి పోతున్నాను. చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. చివరి ముక్క మాత్రం కంఠతా వచ్చేసింది.

ఎవరూ తీసుకోలేదు. నేను గేటు దాకా పోలేదు.

ముందు వారమే నాతో పనిచేసే యేసుబాబు పోయాడు. నాకంటే గట్టి మనిషి. మూటగట్టి తెచ్చారు, మొహం కూడా చూడనివ్వలేదు. శుక్రవారం క్యారియర్ పట్టుకుని గేటు కనపడే మలుపు దాకా పోయాను. అంబులెన్స్ ఆగి ఉంది. తెల్ల సూట్ల వాళ్లు ఎవరినో దించుతున్నారు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. మీరు పోవద్దన్న మాట అప్పుడు తలుచుకున్నాను, సాకు దొరికిందని. కాలవ గట్టున కూర్చుని అన్నం కుక్కలకు పెట్టాను. క్యారియర్ కడుక్కుని ఇంటికి పోయాను. "తినిందా?" అనింది కామమ్మ. "తినింది, పప్పు బాగుందనింది" అన్నాను. శనివారం కూడా అంతే చేశాను.

గేటు దగ్గర నిలబడి రూబీ అని ఒక్క మాట అనుంటే, ఆ పేరు లేదు పో అనేవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నమే తెలిసేది. బండి కట్టించుకుని సాయంత్రానికి కొండ కిందికి చేరేవాణ్ణి. మొన్న పోయి ఆ మలుపు నుంచి గేటు దాకా టేపు పెట్టి కొలిచాను. నూట నలభై అడుగులు. నోటుబుక్కులో చివరి పేజీలో "ఒంటరితనం" అని రాసి, చుక్కలు పెట్టి, పక్కన కిలోమీటర్లు అని ఖాళీ వదిలి ఉంది. కొండది ఎంతో నాకు తెలియదు. నా బిడ్డది నూట నలభై అడుగులు.

ఇంకోటి కూడా మీకు చెప్పలేదు. సోమవారం అన్నం తింటుంటే రూబీ నాకంతా చెప్పింది. కొండ అంది, ఐసోలేషన్ అంది, నీ ట్యూబు కావాలి నాయనా అంది. నేను యేసుబాబు గురించి ఆలోచిస్తున్నాను. చివర ట్యూబు అన్న మాటే చెవిన పడింది. "దాన్ని కోశావంటే తంతా" అన్నాను. కొండల పనికి గజం ముక్క చాలునట కదా, సుకన్య చెప్పింది. కోయలేదు. పది మీటర్లూ చుట్టుకుని, పది మీటర్లూ నీళ్లు నింపుకుని పోయింది, నేను తంతానన్నానని.

ట్యూబు అటక మీద నుంచి దించి ఆ కొసను వెలుతురులో చూశాను. నక్క కాదు టీచరమ్మా. నక్క పళ్లు అట్లా ఉండవు. నా బిడ్డే నీళ్లు పీల్చుకుని, గాలి పోకుండా, మిగిలిన నీళ్లు కారకుండా పళ్లతో నొక్కిపట్టి ఉంది. ఒకచోట కాదు. నీళ్లు తగ్గేకొద్దీ జరిపి జరిపి నొక్కింది. రెండు రోజులు పొదుపుగా తాగింది.

మీరు ఒప్పుకుంటానన్నారు. నాకు మీతో తగువు లేదు. పాలు పొంగినదానికీ నా నూట నలభై అడుగులకూ పోలికే లేదు. ఎవరికి చెప్పాలో వాళ్లకు నేనే చెప్పాను. నిన్న మధ్యాహ్నం కామమ్మను కూర్చోబెట్టి మీ జాబులన్నీ వరసగా చదివాను. తర్వాత కుక్కల సంగతి చెప్పాను. ఇన్నేళ్లూ ఆమె నిద్రపోయింది ఆ ఒక్క మాట మీదే, నా చేతి పప్పు తిని పోయిందిలే నా బిడ్డ, అని. అది కూడా తీసేశాను.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ట్యూబు తీసుకుంది. "దీంట్లో ఎన్ని నీళ్లు పడతాయి?" అని అడిగింది. అర లీటరు అన్నాను. నమ్మలేదో ఏమో, కుండ దగ్గర కూర్చుని నిండా నీళ్లు పోసింది. మళ్లీ ఆ నీళ్లన్నీ చెంబులోకి వంచింది. చెంబు సగం కూడా నిండలేదు. దాన్ని నా ముందు పెట్టి,

"ఇంతేనా?" అనింది.

పెంచలయ్య